బిల్లు చూసి బండి అమ్మకండి

ఈ నెల వచ్చిన ఉత్తరాలు, మెసేజీలు అన్నీ ముందేసుకుని కూర్చుంటే సగానికి పైగా ఒకటే మాట. పాత బండి, లక్షల కిలోమీటర్లు తిరిగింది, మెకానిక్ పెద్ద బిల్లు చెప్పాడు, బాగు చేయించాలా అమ్మేయాలా అని. అందుకే ఈసారి ఇంకే ప్రశ్నా తీసుకోలేదు. మొదటి ఉత్తరానికి కాస్త పొడుగ్గానే రాస్తున్నా, దాన్లో చెప్పిన పరీక్షలు తక్కినవాళ్ళక్కూడా పనికొస్తాయి కాబట్టి అందరూ చదవండి.

ప్రశ్న: నేను తణుకు దగ్గర హైస్కూల్లో టీచర్ని. 2012 మోడల్ స్విఫ్ట్ డీజిల్ ఉంది, మొదటి నుంచీ మా చేతిలోనే తిరిగింది, 2,18,000 కిలోమీటర్లు. రోజూ స్కూలుకి రానూ పోనూ 40 కిలోమీటర్లు. రెండు నెలల్నుంచి పికప్ లేదు, ఫ్లైఓవర్ ఎక్కాలంటే ముక్కుతోంది, గట్టిగా తొక్కితే వెనక నల్ల పొగ. మెకానిక్ టర్బో, నాలుగు ఇంజెక్టర్లు, క్లచ్, ముందు సస్పెన్షన్ కలిపి 1,15,000 అన్నాడు. బళ్ళు కొనే ఆయన ఉన్నదున్నట్టు 1,60,000 ఇస్తానంటున్నాడు. మా అబ్బాయేమో డీజిల్ బళ్ళు పదేళ్ళు దాటితే ఇక తిరగనివ్వరు, అమ్మేసి కొత్తది తీసుకో నాన్నా అంటున్నాడు. నాకు రిటైర్మెంట్ ఇంకో నాలుగేళ్ళుంది. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, ముందు మీ అబ్బాయి మాట తేల్చేద్దాం. పదేళ్ళ డీజిల్, పదిహేనేళ్ళ పెట్రోల్ అనే గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల జిల్లాలది. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది, ఆ తర్వాత కూడా అది కోర్టుల్లో నలుగుతూనే ఉంది. మన దగ్గర ఆ రూలు లేదు. మనకి సొంత కారు ఆర్‌సీ 15 ఏళ్ళకి అయిపోతుంది, అప్పుడు ఆర్టీఏ ఆఫీసుకి బండి తీసుకెళ్ళి చూపించి ఇంకో 5 ఏళ్ళకి పొడిగించుకోవచ్చు, మళ్ళీ 5 ఏళ్ళకి మళ్ళీ. మీది 2012 కాబట్టి 2027లో పడుతుంది. ఫారం 25 పెట్టాలి, గడువుకి 60 రోజుల ముందు నుంచి తీసుకుంటారు, కారుకి ఫీజు 5,000, దాని మీద గ్రీన్ టాక్స్ వేరే, ఆలస్యమైతే నెలకి 500 చొప్పున పడుతుంది. 20 ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టులో ఆ ఫీజుని 10,000 చేశారు కానీ అది మీ దాకా రావడానికి ఇంకా టైముంది. కాబట్టి తిరగనివ్వరన్న భయంతో మాత్రం అమ్మకండి, ఆ భయం పెట్టి తక్కువకి కొనేవాళ్ళు ఊరూరా ఉన్నారు.

ఇక బిల్లు. 1,15,000 అన్నది ఒకటే అంకెలా కనిపిస్తోంది గానీ అందులో నాలుగు వేరువేరు పనులున్నాయి, వాటిలో ఏది నిజంగా పోయిందో ఎవరూ చూడలేదని మీ ఉత్తరం చదివితే నాకనిపించింది. పికప్ లేకపోవడం, నల్ల పొగ, ఈ రెండూ కలిసొచ్చాయంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని మొదటి అనుమానం. గాలిని ఇంజిన్‌లోకి బలంగా తోసేది టర్బో, కానీ గాలి అందకపోవడానికి అదే పోనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ మట్టి కొట్టుకుపోయి ఉండొచ్చు, టర్బో నుంచి ఇంజిన్‌కి గాలి తీసుకెళ్ళే లావు రబ్బరు పైపు పగిలి ఉండొచ్చు, పొగలో కొంత మళ్ళీ ఇంజిన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వ్ మసి పట్టి తెరుచుకునే ఉండిపోయి ఉండొచ్చు. ఆ పైపు పగులు పైకి కనిపించదు, అడుగు వైపు ఉంటుంది, ఇంజిన్ ఆపి చెయ్యి పెట్టి నిమిరితే వేళ్ళకి ఆయిల్ జిగురు తగులుతుంది, అక్కడే లీకు. పైపు మార్చి ఈజీఆర్ కడిగిస్తే కొన్ని వేలతో పోయే పనికి టర్బో మార్పించుకున్నవాళ్ళు నాకు తెలిసి చాలామంది ఉన్నారు. ఇవన్నీ చూశాకే టర్బో దగ్గరికి వెళ్ళమనండి. గాలి పైపు ఊడదీసి టర్బో లోపలి ఫ్యాన్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని ఆడిస్తే పక్కలకి కొద్దిగా కదిలితే ఫరవాలేదు, ముందుకీ వెనక్కీ జరిగినా, రెక్కలు గోడకి రాసుకున్న గీతలు కనిపించినా అయిపోయినట్టే. అప్పుడు కూడా మొత్తం టర్బో కొనక్కర్లేదు, లోపలి కార్ట్‌రిడ్జ్ ఒక్కటి మార్చేవాళ్ళున్నారు.

ఇంజిన్‌లోకి డీజిల్ చల్లే ఇంజెక్టర్ల సంగతి ఇంకా తేలిక. నాలుగూ పోయాయి అని నోటితో చెప్తే ఒప్పుకోకండి. ఒక్కో ఇంజెక్టర్ మీద నుంచి మిగులు డీజిల్ వెనక్కి వెళ్ళే సన్న పైపు ఉంటుంది, దాన్ని తీసేసి దాని చోట ఆస్పత్రిలో వాడే సెలైన్ పైపు తొడిగి కింద నాలుగు చిన్న సీసాలు వరసగా కట్టి ఇంజిన్ రెండు మూడు నిమిషాలు తిప్పుతారు. మంచి ఇంజెక్టర్ల సీసాల్లో డీజిల్ దాదాపు ఒకే ఎత్తులో ఉంటుంది, పోయినదాని సీసా మాత్రం ముందే నిండిపోతుంది. మీరు పక్కనే నిలబడి మీ కళ్ళతో చూడొచ్చు, ఫోన్లో ఫొటో తీసుకోవచ్చు. ఒకటే నిండితే ఒకటే మార్చండి.

క్లచ్ 2,18,000కి అయిపోవడంలో వింతేం లేదు, అది ఎలాగూ వేయించాల్సిందే. సస్పెన్షన్‌లో లింక్ రాడ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, స్ట్రట్‌లు విడివిడిగా రాయించుకోండి, గుంటల్లో టకటకమంటే ముందు లింక్ రాడ్లే అయ్యుండొచ్చు, అవి చవక. ఇంకోటి, మీ మెకానిక్ రాయనిది నేను కలుపుతున్నా. ఈ ఇంజిన్‌లో పిస్టన్లకీ వాల్వులకీ వరస కుదిర్చేందుకు బెల్ట్ ఉండదు, టైమింగ్ చైన్ ఉంటుంది. ఆయిల్ సరిగ్గా టైముకి మార్చని బళ్ళల్లో ఆ చైన్ సాగుతుంది, పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే రెండు మూడు సెకన్లు గలగలమని ఇనప గొలుసు లాగినట్టు శబ్దం వస్తే దాని సంగతి ముందు చూడాలి, అది జారితే వాల్వులు, రాకర్లు దెబ్బతిని ఇంజిన్ దించాల్సి వస్తుంది.

ఈ 1.3 లీటర్ డీజిల్ ఇంజిన్ ఫియట్‌ది, స్విఫ్ట్, డిజైర్, రిట్జ్, టాటా విస్టా, ఫియట్ పుంటో, ఇన్ని బళ్ళల్లో వచ్చింది కాబట్టే దేశం మొత్తానికీ ఒకటే డీజిల్ ఇంజిన్ అని పేరొచ్చింది. మారుతి 2020 ఏప్రిల్ నుంచి డీజిల్ మానేసినా విజయవాడ ఆటోనగర్‌లో గానీ మీకు దగ్గర్లో తాడేపల్లిగూడెంలో గానీ దీని సామాను తెలియని షాపు ఉండదు, పని తెలిసిన చేతులు కూడా ఉన్నాయి. పాత బండి ఉంచుకోవాలా వద్దా అన్నదాంట్లో ఇది పెద్ద విషయం, సామాను దొరకని బండిని ఎంత ప్రేమున్నా నిలబెట్టలేం.

ఇప్పుడు అసలు సంగతి. ఇంజిన్ దగ్గర పెట్టే ఖర్చు గురించి ఆలోచించేముందు బండిని లిఫ్ట్ ఎక్కించి కింద నిలబడి చూడండి మాస్టారూ. ఇది నేను డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్నది. మచిలీపట్నంలో ఉన్న రోజుల్లో నాకొక మారుతి 800 ఉండేది, పొగ కక్కుతోందని ఇంజిన్ దించి బోరు (పిస్టన్ ఆడే గొట్టం) మళ్ళీ చెక్కించి కొత్త పిస్టన్లు వేయించా, ఇంజిన్ గడియారంలా తిరిగేది. నాలుగు నెలల తర్వాత పామర్రు దాటాక ఒక గుంటలో పడగానే ఎడమ పక్క ముందు చక్రం లోపలికి వాలిపోయింది. దిగి చూస్తే చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ బిగించిన చోట బాడీ రేకే చినిగిపోయింది, వేలితో తోస్తే ఎర్రటి పొడి రాలింది. సముద్రపు గాలికి ఏళ్ళ తరబడి అడుగున తుప్పు తింటూనే ఉంది, నేనెప్పుడూ వంగి చూడలేదు, పని చేసినాయన కూడా చూడలేదు. వెనక సీట్లో మా అమ్మ ఉంది ఆ రోజు. స్పీడు తక్కువలో ఉన్నాం కాబట్టి బతికిపోయాం.

అందుకని ఇది చేయండి. స్క్రూడ్రైవర్ వెనక పిడితో తలుపుల కింద ఉండే పట్టీ పొడుగునా, ముందు ఆర్మ్‌లు బిగించే చోట, వెనక స్ప్రింగులు కూర్చునే చోట, జాకీ పెట్టే చోట కొట్టుకుంటూ రండి. రేకు బాగుంటే ఠంగుమంటుంది, తినేసి ఉంటే అట్టముక్క మీద కొట్టినట్టు మెత్తగా వినిపిస్తుంది. అక్కడ స్క్రూడ్రైవర్ ముందు వైపుతో నొక్కితే దిగిపోతుందా, ఆ బండి మీద రూపాయి కూడా పెట్టకండి, ఇంజిన్ ఎంత బాగున్నా సరే. తలుపు అడుగున, ఫెండర్ మీద పైపై తుప్పు వేరు, దానికి టింకరింగ్ చేసి పెయింట్ వేస్తే సరిపోతుంది. చక్రాల్ని, సీట్ బెల్టుని, స్టీరింగ్‌ని పట్టి ఉంచే చోట తుప్పుంటే దానికి మాత్రం రాజీ లేదు. మీది తణుకు, సముద్రం మరీ పక్కన లేదు, మొదటి నుంచీ మీదే కాబట్టి వరదల్లో మునగలేదని కూడా తెలుసు, బాగుంటుందనే నా నమ్మకం.

తర్వాత ఇంజిన్ ఆరోగ్యం. ఇంజిన్ వేడెక్కాక స్టార్టింగ్‌లోనే ఉంచి ఆయిల్ పోసే మూత తిప్పి తీసి ఆ రంధ్రం మీదే తిరగేసి వదిలేయండి. మూత అక్కడే కొద్దిగా వణుకుతూ ఉంటే పిస్టన్ రింగులు ఇంకా పట్టు మీద ఉన్నట్టు. ఎగిరి పక్కన పడి బుసబుసమని పొగ వస్తే లోపల అరిగిపోయింది, అప్పుడు మీ 1,15,000 మీద ఇంకో ఇంజిన్ పని బిల్లు కూడా వస్తుందని అర్థం. మూత లోపల పాలమీగడ లాంటిది కనిపిస్తే ఆయిల్లో నీళ్ళు కలుస్తున్నాయి, హెడ్ గాస్కెట్ చూపించాలి.

రేకు బాగుండి, మూత ఎగరకపోతే ఇక లెక్క వేసుకుందాం. రిపేరు బండి ధరలో సగం దాటితే అమ్మేయాలి అని ఒక మాట చెప్తుంటారు, నేను ఒప్పుకోను. ఆ 1,60,000 తీసుకెళ్ళి మీకు ఇంత బాగా తెలిసిన ఇంకో కారు కొనగలరా? ఎవరు నడిపారో, ఎక్కడ గుద్దారో, మీటరు ఎంత వెనక్కి తిప్పారో తెలియని బండి వస్తుంది, దానికి మళ్ళీ క్లచ్చు, టైర్లు, బ్యాటరీ. చూడాల్సింది ఇక్కణ్ణుంచి ఏడాదికి ఎంత పడుతుందన్నది. పరీక్షలన్నీ అయ్యాక మీ బిల్లు 70,000కి దిగిందనుకుందాం, ప్రతి ఏడాదీ అనుకోని పనులకి 25,000 తీసి పక్కన పెట్టండి, నాలుగేళ్ళకి లక్ష. ఇవాళ 1,60,000 పలికే బండి అప్పుడు 50,000కి పోతే అందులో 1,10,000 నష్టం. అంతా కలిపి 2,80,000, ఏడాదికి 70,000.

కొత్తది చూద్దాం. రోడ్డెక్కేసరికి 8,50,000 అనుకోండి, 7 లక్షలు లోను, 9 శాతానికి 5 ఏళ్ళు, నెలకి 14,500 చిల్లర. వడ్డీ ఒక్కటే 1,70,000 దాటుతుంది. నాలుగేళ్ళ తర్వాత 5 లక్షలకి అమ్మినా మీ చేతి నుంచి పోయింది ఏడాదికి దాదాపు లక్షా ముప్ఫై వేలు, ఫుల్ ఇన్సూరెన్స్ తేడా దాని మీద. ఇంకో సంగతి కూడా చూసుకోండి, మీ రిటైర్మెంట్ నాలుగేళ్ళలో, లోను ఐదేళ్ళు, చివరి ఏడాది కిస్తీలు పెన్షన్లోంచి కట్టాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 18 శాతానికి తగ్గింది కాబట్టి కొత్తవి మునుపటికన్నా చవకే, కాదనను, కానీ అదే కారణంతో మీ పాత బండికి ఇచ్చే ధర కూడా తగ్గింది. మైలేజీ కలిసొస్తుందన్న మాట మాత్రం నమ్మకండి, మీరు తిరిగే ఏడాదికి 12,000 కిలోమీటర్లకి మీ డీజిల్‌కీ కొత్త పెట్రోల్ కారుకీ పెట్టేది ఇంచుమించు ఒకటే.

కొత్తదాని వైపు నాకు బలంగా అనిపించేది ఒకటే ఉంది, అది భద్రత. గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ అన్ని కార్లకీ 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరైంది, ముందు రెండు సీట్లకీ ఎయిర్‌బ్యాగులు 2021 చివరికల్లా వచ్చేశాయి. 2012 బళ్ళల్లో చవక మోడళ్ళకి ఇవి ఉండేవి కావు. మీవి ఎక్కువగా ఊరి రోడ్లయితే సరే, మనవలతో నెలకి రెండుసార్లు హైదరాబాదు హైవే మీద వెళ్ళే పనుంటే మాత్రం నా లెక్క పక్కన పెట్టి అబ్బాయి మాట వినండి. లేదంటే బాగు చేయించుకోండి. కానీ బాగు చేయించి ఆర్నెల్లకి అమ్మకండి, రిపేరుకి పెట్టిన డబ్బు కొనేవాడు ఇవ్వడు. ఉంచుకునేదైతేనే చేయించాలి.

ప్రశ్న: అన్నా, మాది కరీంనగర్. 2015 ఇన్నోవా 2.5, టాక్సీ ప్లేటు, 4,60,000 తిరిగింది. బండి మంచిగనే నడుస్తది కానీ ఆయిల్ తాగుతున్నది, వెయ్యి కిలోమీటర్లకు లీటరు దాకా పోస్తున్న, నీలం పొగ వస్తున్నది. ఇంజిన్ పని 1,80,000 అంటున్నరు. రింగులు ఒక్కటే మారుస్తే 50 వేలల్ల అయితదని ఇంకో మెకానిక్ చెప్పిండు. చేయించాల్నా, అమ్మాల్నా?

జవాబు: తమ్ముడూ, నీది అన్నం పెట్టే బండి, దానికి లెక్క వేరేగా ఉంటుంది. ముందు నీలం పొగ టర్బో సీలు నుంచా, ఇంజిన్ లోపల్నుంచా తేల్చుకో. గాలి పైపులో ఆయిల్ కారుతూ ఉంటే టర్బో, పైపులు పొడిగా ఉండి మూత పరీక్షలో బుసకొడితే ఇంజిన్. నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్, అంటే లోపల గాలి నొక్కే బలం, కొలిపించు, అంకెలు కాగితం మీద రాయించుకో. ఇంజినే అని తేలితే రింగులు ఒక్కటే మార్చే పని మాత్రం చేయించకు. 4,60,000కి బోరు గుండ్రం పోయి ఉంటుంది, అందులో కొత్త రింగులు వేస్తే కొన్నాళ్ళు బాగున్నట్టు కనిపించి మళ్ళీ అదే పొగ, మళ్ళీ పదిహేను రోజులు బండి షెడ్డులో. ఒక్కసారే బోరు, పిస్టన్లు, బేరింగులు, హెడ్ పని, ఆయిల్ పంపు అన్నీ చేయించెయ్, బండి ఆగిన రోజులకి పోయే కిరాయి కూడా బిల్లులో కలిపి లెక్క చూసుకో. ఛాసిస్ ఫ్రేమ్ బాగుంటే ఈ బండికి ఆ ఖర్చు దండగ కాదు.

ఇంకో రెండు మాటలు. మీటరు మీద టీ-బెల్ట్ లైటు వెలిగితే దాన్ని ఆర్పించుకుని తిరిగే డ్రైవర్లున్నారు, అది లక్ష కిలోమీటర్లకోసారి టైమింగ్ బెల్ట్ మార్చమని చెప్పే లైటు, బెల్ట్ తెగితే వాల్వులు వంగిపోతాయి, ఎవరి మాటా వినకు. రెండోది, స్క్రాప్‌లో దొరికే పాత ఇంజిన్ ఎక్కిద్దామని ఎవరైనా చెప్తే ఇంజిన్ నంబరు మారుతుంది కాబట్టి ఆర్టీఏలో చెప్పి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, అది చేయకపోతే యాక్సిడెంట్ రోజు ఇన్సూరెన్స్ దగ్గర తగువు, ఫిట్‌నెస్ దగ్గర తగువు. ఎనిమిదేళ్ళు దాటిన టాక్సీకి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి కదా. పర్మిట్‌కి ఇంకెన్నేళ్ళు మిగిలాయో కనుక్కున్నాకే 1,80,000 మీద చెయ్యి వెయ్యి, రెండేళ్ళు కూడా లేకపోతే వద్దు.

ప్రశ్న: మేము విజయవాడ సింగ్‌నగర్‌లో ఉంటాం. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వరదకి మా 2016 పెట్రోల్ కారు డాష్‌బోర్డు దాకా మునిగింది. అప్పుడు బాగు చేయించుకున్నాం, ఇంజిన్ బాగానే ఉంది. కానీ ఏడాది నుంచి ఒకసారి వైపర్లు, ఒకసారి పవర్ స్టీరింగ్, ఒకసారి ఎయిర్‌బ్యాగ్ లైటు, ఎప్పుడు ఏది పోతుందో తెలియడం లేదు. ఇప్పటికి 60,000 పైనే పెట్టాం. ఇంకా బాగవుతుందా?

జవాబు: అమ్మా, ఆ రోజుల్లో మీ వీధులు నేను చూశాను, పైకప్పు మాత్రమే కనిపిస్తూ వరసగా కార్లు నీళ్ళల్లో. మీరు బండి కోసం పడ్డ కష్టం నాకర్థమవుతుంది, అయినా చెప్తున్నా, ఇక డబ్బు పెట్టకండి. బురద నీళ్ళు వైరింగ్ కనెక్టర్ల లోపలికి వెళ్తే ఆ రోజుకి ఎండబెట్టినా లోపల రాగి పచ్చగా తుప్పు పడుతూనే ఉంటుంది, ఒకటి బాగు చేస్తే ఇంకోటి. మొత్తం వైరింగ్, కంప్యూటర్లు మారిస్తే తప్ప ఆగదు, 2016 బండికి ఆ ఖర్చు గిట్టదు. నడుస్తుండగా పవర్ స్టీరింగ్ ఆగిపోవడమంటే ప్రాణం మీదికొచ్చే విషయం, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతోందంటే గుద్దినప్పుడు అది తెరుచుకుంటుందన్న భరోసా లేదు.

అమ్మేటప్పుడు మునిగిన బండి అని చెప్పే అమ్మండి. మీరు పడ్డ బాధ ఇంకొకరికి తెలియకుండా అంటగట్టొద్దు. మరీ తక్కువ పలికితే రిజిస్టర్డ్ స్క్రాపింగ్ సెంటర్‌కి ఇవ్వండి, వాళ్ళిచ్చే డిపాజిట్ సర్టిఫికెట్ చూపిస్తే కొత్త సొంత బండి టాక్స్‌లో 25 శాతం వరకు రాయితీ ఇవ్వొచ్చని కేంద్రం రూలు, మన రాష్ట్రంలో ఎంతిస్తున్నారో ఆర్టీఏలో అడగండి. మామూలు పాతసామాన్ల వాడికి తూకానికి ఇచ్చేస్తే ఆర్‌సీ మీ పేరు మీదే ఉండిపోతుంది, రేపు ఆ నంబరుతో ఏం జరిగినా పోలీసులు మీ ఇంటికే వస్తారు.

మిగతావాళ్ళ కోసం ఒక్కమాట. మునిగిన బండిని సెల్ఫ్ కొట్టకండి, సిలిండర్‌లో నీళ్ళుంటే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఇన్సూరెన్స్‌కి చెప్పి, లాగించుకుని వెళ్ళండి. రిపేరు ఖర్చు పాలసీలో రాసిన విలువకి 75 శాతం దాటితే టోటల్ లాస్ కింద మొత్తం ఇచ్చేస్తారు, నిండా మునిగిన పాత బండికి అదే మేలు. బాగు చేసి ఇస్తామని ఎవరన్నా ఆ అంకె ముందు అడగండి.

ప్రశ్న: మా 2010 శాంత్రో 92,000 తిరిగింది, బాగానే ఉంది. ఇప్పుడు పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలుపుతున్నారు, పాత బండి పాడైపోతుంది అమ్మేయమని అందరూ అంటున్నారు. నిజమా? (గుంటూరు)

జవాబు: దానికోసమే అయితే అమ్మకండి. ఈ20కి, అంటే ఆ 20 శాతం కలిపిన పెట్రోల్‌కి, తగ్గట్టు తయారైనవి 2023 ఏప్రిల్ తర్వాత వచ్చిన బళ్ళు, మీది కాదు, మైలేజీ కొద్దిగా తగ్గుతుంది, రబ్బరు పైపులు, ఓ-రింగులు ముందే గట్టిపడి పగలొచ్చు. పెట్రోల్ పైపులు, ఫిల్టర్ ఒకసారి మార్పించేయండి, ఆ తర్వాత పెట్రోల్ వాసన వస్తే మాత్రం ఆ రోజే చూపించండి, రేపు చూద్దామనుకోవద్దు. నెలల తరబడి టాంకులో పెట్రోల్ ఉంచి బండిని కదలకుండా పెట్టకండి, ఇథనాల్ తేమని లాక్కుంటుంది. మీ 2010 ఆర్‌సీ రెన్యువల్ అయిందో లేదో కూడా చూసుకోండి, పదిహేనేళ్ళు నిండాయి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఎంఎస్ చేస్తున్నాను. సీనియర్ దగ్గర 2011 కరోలా కొన్నాను, 1,87,000 మైళ్ళు. చెక్ ఇంజిన్ లైటు వచ్చింది, షాపులో 2,400 డాలర్లు అన్నారు. కారు కొన్నదే 4,000కి. ఏం చేయాలి?

జవాబు: బాబూ, 2,400 దేనికన్నారో నువ్వు రాయలేదు, నీకూ తెలియదనుకుంటా. పార్ట్స్ అమ్మే పెద్ద షాపుల్లో ఆ లైటు కోడ్ ఊరికే చదివి చెప్తారు, అది రాసుకుని ఇంకో రెండు గ్యారేజీల్లో అడుగు, మన తెలుగువాళ్ళ గ్రూపుల్లో నమ్మకమైన మెకానిక్ పేరు దొరుకుతుంది. టెక్సస్‌లో 2025 జనవరి నుంచి మామూలు కార్లకి సేఫ్టీ తనిఖీ తీసేశారు, కానీ డాలస్ కౌంటీలో పొగ పరీక్ష ఉంది, లైటు వెలుగుతుంటే అందులో పాస్ కావు, రిజిస్ట్రేషన్ ఆగుతుంది. సేఫ్టీ తనిఖీ ఎవరూ చేయరు కాబట్టి బ్రేకులు, టైర్లు నువ్వే చూసుకోవాలి. ఆ కారు పాత రికార్డు తెప్పించి ముందు ఏ రాష్ట్రంలో తిరిగిందో చూడు, మిషిగన్, ఒహాయో లాంటి చోట మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, మా బందరు గాలి చేసే పనే అది ఇంకా తొందరగా చేస్తుంది. అడుగు తినేసి ఉంటే లైటు ఖర్చు పెట్టకుండా వదిలించుకో. అడుగు శుభ్రంగా ఉంటే, చదువయ్యేదాకా ఆ కారే నడుపు, అప్పు చేసి కొత్తది కొనకు, అక్కడ నీ వయసు వాళ్ళకి ఇన్సూరెన్సే నడ్డి విరుస్తుంది.

ప్రశ్న: మా నాన్నగారి స్ప్లెండర్, 2009ది. ఆయన పోయి రెండేళ్ళయింది. 1,30,000 పైనే తిరిగింది, మీటరు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు పొగొస్తోంది, గేర్లు సరిగ్గా పడట్లేదు. మెకానిక్ 9,000 అన్నాడు, అమ్మితే 8,000 రాదు. ఇంట్లోవాళ్ళు తీసేయమంటున్నారు, నాకు మనసొప్పట్లేదు. (పాలకొండ)

జవాబు: ఉంచుకోండి. నేను ఇందాక అంతసేపు లెక్కలు చెప్పాను గానీ మీ బండికి లెక్క అక్కర్లేదు, మీరు అది అడగనూ లేదు. లెక్క చూసినా తప్పేం లేదు, 9,000తో ఇంకో ఆరేడేళ్ళు తిరిగే బండి బయట ఎక్కడా దొరకదు. బోరు పిస్టన్ కిట్, క్లచ్ ప్లేట్లు, టైమింగ్ చైన్ ఒకేసారి వేయించండి, ఇంజిన్ విప్పినప్పుడే గేర్ల పళ్ళు చూడమనండి, మళ్ళీ విప్పే కూలి మిగులుతుంది. కంపెనీ సామాను అడగండి, డబ్బా మీ ముందే విప్పించండి, పాత పిస్టన్ చేతికి తీసుకోండి.

దానికన్నా ముందు కాగితాలు. 2009 బండి అంటే ఆర్‌సీ 2024లోనే అయిపోయింది, నాన్నగారి పేరు మీదే ఉండి ఉంటుంది. వారసుల సర్టిఫికెట్, డెత్ సర్టిఫికెట్, ఇంట్లో మిగతావాళ్ళ అంగీకారం పెట్టి ఫారం 31తో మీ పేరు మీదికి మార్పించుకుని, ఫారం 25తో రెన్యువల్ పెట్టండి. బైకుకి ఫీజు 1,000, ఆలస్యానికి నెలకి 300 చొప్పున పడుతుంది కాబట్టి ఇంకా వాయిదా వేయకండి. ఇన్‌స్పెక్షన్ రోజుకి హెడ్‌లైటు, హారన్, వెనక లైటు, ఇండికేటర్లు పనిచేయాలి, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి, అంటే పొగ ముందే పోవాలి కాబట్టి ఇంజిన్ పని అయ్యాకే తీసుకెళ్ళండి. స్పీడోమీటర్ కేబుల్ తెగి ఉంటుంది, అది చాలా చవక, వేయించేయండి. మీటరు మాత్రం మార్చకండి, నాన్నగారు తిరిగిన అంకె దాన్లో ఉంది.